క్యాథ్ ల్యాబ్‌లో పనిచేసే మగవాళ్లకు: రేడియేషన్, వీర్యకణాలు

క్యాథ్ ల్యాబ్ అంటే ఎక్స్‌రేలో చూస్తూ గుండె రక్తనాళాలకు పరీక్షలు, చికిత్స చేసే గది. ముందు లెక్క చూడండి. వృషణాలకు ఒక్కసారిగా సుమారు 100 మిల్లీగ్రే (ఒంట్లోకి చేరిన రేడియేషన్ కొలత, వెయ్యి మిల్లీగ్రేలు ఒక గ్రే) తగిలితే వీర్యకణాలు కొంతకాలం తగ్గుతాయి. శాశ్వతంగా ఆగిపోవాలంటే దాదాపు 6 గ్రే కావాలి. రేడియేషన్ దగ్గర పనిచేసే ఉద్యోగులకు ఏఈఆర్‌బీ (దేశ అణుశక్తి నియంత్రణ మండలి) పెట్టిన హద్దు అయిదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్ (హానిని లెక్కగట్టే కొలత). ఎక్స్‌రే విషయంలో మిల్లీసీవర్ట్, మిల్లీగ్రే ఇంచుమించు ఒకటే. అంటే హద్దులో ఉన్నవారికి భయం అక్కర్లేదు, కానీ తగిలిన డోసును నమోదుచేసే బ్యాడ్జ్ నిజం చెబుతోందా అన్నది చూసుకోవాలి.

టీఎల్‌డీ అనే ఈ బ్యాడ్జ్‌ను ఛాతీ దగ్గర, లెడ్ (సీసం) ఏప్రన్ లోపల పెట్టుకోవాలి. ఏప్రన్‌కే తగిలించి గదిలో వదిలేస్తే మీకు తగలని డోసు రాస్తుంది, లాకర్‌లో మరిచిపోతే తగిలిందీ రాయదు.

ఎక్స్‌రే ట్యూబు రోగి పడుకునే బల్ల కింద ఉంటుంది కాబట్టి చెదిరిన కిరణాలు ఎక్కువగా నడుము కిందికే వస్తాయి. పైనుంచి వేలాడే అద్దం ముఖానికే, వృషణాలకు అక్కరకొచ్చేది బల్లకు వేలాడే లెడ్ తెర. అడ్డంగా ఉందని దాన్ని పైకి మడిచేయడమే చాలాచోట్ల జరిగే తప్పు. ఎల్‌ఏఓ యాంగిల్‌లో (రోగి ఎడమవైపు నుంచి ఏటవాలుగా చూసేటప్పుడు) ట్యూబు రోగి కుడివైపుకు, అంటే డాక్టర్ నిలబడే వైపుకు వస్తుంది. అప్పుడూ, సినీ (ఎక్స్‌రే వీడియో) తీస్తున్నప్పుడూ అడుగు వెనక్కి వేయండి. దూరం రెట్టింపయితే డోసు దాదాపు నాలుగోవంతే.

ముందువైపే కప్పే ఏప్రన్ వేసుకుని ట్రాలీ వైపు తిరిగితే వీపుకు రక్షణ లేదు. చుట్టూ తిరిగే స్కర్ట్ మేలు: 0.25 మి.మీ. పొరలు ముందు ఒకదానిమీద ఒకటి పడి 0.5 అవుతాయి. మోకాళ్ల దాకా ఉండాలి. మడతపెట్టకండి, పగుళ్లు వస్తాయి. హ్యాంగర్‌కు వేయండి, ఏటా ఒకసారి ఫ్లోరోస్కోపీ (తెరమీద నేరుగా కనిపించే ఎక్స్‌రే) కింద పరచి, ముఖ్యంగా తొడల మధ్య వచ్చే భాగం చూడండి.

అనుకోకుండా ఎక్కువ డోసు తగిలితే మర్నాడే వీర్య పరీక్షకు పరుగెత్తితే ప్రయోజనం లేదు. కొత్త కణం తయారవడానికి సుమారు 74 రోజులు పడుతుంది, అప్పుడు కనిపించేవి పాత కణాలే. మూడు నెలలకు చేయించండి. 2 నుంచి 7 రోజులు విరామం పాటించి, నమూనాను గంటలోపు ల్యాబ్‌కు అందించాలి. టెస్టోస్టెరాన్ బాగుందని ఊరుకోవద్దు, దాన్ని తయారుచేసే కణాలు రేడియేషన్‌ను బాగానే తట్టుకుంటాయి.

కౌంట్ తక్కువొస్తే మళ్లీ ఒకసారి పరీక్ష చేయించండి. ఈ మధ్య వచ్చిన జ్వరం, వెరికోసిల్ (వృషణాల సంచిలో సిరలు ఉబ్బడం), పొగతాగడం కూడా కారణాలే. డాక్టర్ దగ్గరకు బ్యాడ్జ్ రిపోర్టులన్నీ తీసుకెళ్లండి.