గర్భిణులలో కటి నొప్పి: కారణం, ఉపశమనం

గర్భధారణలో హార్మోన్ల ప్రభావంతో కటి (నడుము కింద, తొడల పైన ఉండే భాగం) ఎముకలను పట్టి ఉంచే స్నాయువులు వదులవుతాయి. దానికి పెరిగే బరువు తోడై, మెట్లెక్కినప్పుడు, మంచంపై పక్కకు ఒత్తిగిలినప్పుడు పొత్తికడుపు కింద, నడుము వెనుక, తొడల లోపల నొప్పి పుడుతుంది. ఇది తల్లిని బాధిస్తుందే గాని బిడ్డకు హాని చేయదు.

పర్లాకిమిడి, రాయగడ ప్రాంతాల మన ఇళ్లలో నిండు బిందెను చంకనెత్తుకుని నడిచే గర్భిణులు ఆ పని ఇంట్లో మరొకరికి అప్పగించాలి. బరువంతా ఒక పక్కనే పడితే నొప్పి ముదురుతుంది. పడుకున్నప్పుడు మోకాళ్ల మధ్య దిండు ఉంచుకుని, లేచేటప్పుడు రెండు మోకాళ్లూ కలిపి ఒకేసారి తిప్పి, చేతి ఆసరాతో లేవాలి. చీర, లంగా కూర్చునే కట్టుకోవడం మొదలుపెట్టాలి. అడుగులు చిన్నవిగా వేయాలి. నొప్పి మాత్రలు వైద్యులను అడగకుండా వాడకూడదు.

రక్తస్రావం, ఉమ్మనీరు కారడం, జ్వరం, మూత్రంలో మంట, ఆగి ఆగి వచ్చే నొప్పులు, బిడ్డ కదలికలు తగ్గడం కనిపిస్తే ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్లాలి.