ఓపెనింగ్ డే ముందు రాత్రి నిద్ర పట్టని వేటగాళ్లకు

అమెరికాలోని మిషిగన్‌లో తుపాకీతో జింకల వేట ఏటా నవంబర్ 15నే మొదలవుతుంది, ఆ రోజు ఏ వారమైనా సరే. అదే ఓపెనింగ్ డే. 30దాకా సాగుతుంది. 14వ తేదీ రాత్రి మాత్రం చాలామంది వేటగాళ్లకు కంటిమీద కునుకు ఉండదు. కొత్తవాళ్ల సంగతి సరే, ఏళ్ల తరబడి అడవికి వెళ్తున్నవాళ్లకూ అంతే. ఆ ఒక్క రాత్రి చేసే చిట్కాలతో ఒరిగేది తక్కువ. రెండు వారాల ముందు మొదలుపెట్టే ఏర్పాటే పనిచేస్తుంది. అదీ కుదరకపోతే, నిద్రలేని ఒంటికి తగ్గట్టు మర్నాటి వేటనే మార్చుకోవాలి.

గడియారం ఇచ్చే గంట

రోజూ పదకొండుకు పడుకునే మనిషి ఆ రోజు ఎనిమిదింటికే మంచమెక్కితే నిద్ర రాదు. ఉత్సాహం ఒక్కటే కారణం కాదు. మామూలుగా పడుకునే వేళకు ముందున్న రెండు మూడు గంటలూ ఒంట్లోని గడియారం మనిషిని గట్టిగా మేల్కొలిపి ఉంచుతుంది. సరిగ్గా ఆ వేళలో దుప్పటి కప్పుకుంటే, నిద్ర రావడం లేదన్న బెంగ కూడా తోడవుతుంది.

అమెరికాలో నవంబర్ మొదటి ఆదివారం గడియారాలను గంట వెనక్కి తిప్పుతారు. 2026లో అది నవంబర్ 1. ఆ గంటను టీవీ ముందు ఖర్చు చేయకండి. పాత లెక్కలో పదకొండుకు పడుకునేవారు కొత్త గడియారంలో పదికే పడుకోవాలి, ఒంటికి తేడా తెలియదు. అక్కణ్నుంచి రెండు రోజులకోసారి పావుగంట ముందుకు జరుపుకుంటూ వస్తే 14 నాటికి తొమ్మిదిలోపే నిద్ర ముంచుకొస్తుంది. లేచే వేళనూ అంతే జరపాలి. లేవగానే ఇంట్లో లైట్లన్నీ వేసుకోవాలి, చీకట్లో కూర్చుని ఫోన్ చూస్తే ఒంటి గడియారం జరగదు. 12, 13 రాత్రులు ఎనిమిది గంటలకు తగ్గకుండా పడుకోండి. 14 రాత్రి సగం నిద్రే దక్కినా ఆ రెండు రాత్రులు ఆదుకుంటాయి.

మంచం మీద ఆలోచించడానికి ఏమీ మిగలకూడదు

పడుకున్నాక బుర్రలో తిరిగేది జింక ఒక్కటే కాదు. లైసెన్స్ ఎక్కడ పెట్టాను, రైఫిల్ మీది స్కోప్ (గురి చూసే దుర్భిణి) కదిలిందా, గాలి ఎటు వీస్తుంది అన్నవే ఎక్కువగా తిరుగుతాయి. వీటన్నిటినీ ముందే తెంచేయాలి.

కాగితాలు అక్టోబర్‌లోనే చూసుకోండి. 1960 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారు మొదటిసారి లైసెన్స్ కొనాలంటే హంటర్ సేఫ్టీ సర్టిఫికెట్ చూపించాలి. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి చట్టం వల్ల జింకల వేట నేరం కాబట్టి, ఇక్కడికొచ్చి తుపాకీ పట్టే తెలుగువాళ్లకు ఇవన్నీ ఇంట్లో పెద్దవాళ్లు చెప్పే సంగతులు కావు. హెచ్1బీ లాంటి వీసాల మీద ఉన్నవారికి మరో ముఖ్యమైన విషయం: ఫెడరల్ చట్టం వారు తుపాకీ, తూటాలు దగ్గర ఉంచుకోవడాన్ని నిషేధిస్తుంది. అమెరికాలో జారీ అయి, చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ ఉన్నవారికి మినహాయింపు ఉంది. అనుమానముంటే తుపాకీ ముట్టుకోకముందే లాయర్‌ని అడగండి.

రైఫిల్ జీరో చేసే పని, అంటే గురి పెట్టిన చోటే తూటా తగిలేలా స్కోప్ సరిచేయడం కూడా అక్టోబర్ దాటకూడదు. 100 గజాల దూరంలో, సీజన్‌లో వాడబోయే తూటాలతోనే మూడేసి చొప్పున కాల్చి, మధ్యలో బ్యారెల్ చల్లారనివ్వాలి. 14 మధ్యాహ్నం రేంజ్‌కి వెళ్తే రద్దీ, తొందర, వేడెక్కిన బ్యారెల్. తూటాలు అటూఇటూ పడితే ఆ రాత్రి నిద్ర మీద ఆశ వదులుకోవాల్సిందే.

సామాను 13 సాయంత్రానికే ట్రక్కులో ఉండాలి: ఆరెంజ్ టోపీ, వెస్ట్, ఫుల్ బాడీ హార్నెస్ (చెట్టు మీంచి పడకుండా ఒంటికి కట్టుకునే పట్టీలు), తుపాకీని పైకి లాగే తాడు, హెడ్‌ల్యాంప్, అదనపు బ్యాటరీలు, కత్తి, చేతి తొడుగులు. లైసెన్స్, కిల్ ట్యాగ్ (చంపిన జింకకు కట్టే చీటీ) జాకెట్ జేబులోనే పెట్టి జిప్ వేయండి. తూటాలు నింపని రైఫిల్ కేసులో పెట్టి, బయల్దేరేటప్పుడే వాహనంలోకి ఎక్కించాలి.

జింకకు మన వాసన తగలకుండా, గాలిని బట్టి కూర్చోవడానికి రెండు చోట్లు ఎంచుకోండి: పడమటి గాలికి ఒకటి, ఉత్తరపు గాలికి ఒకటి. 14 సాయంత్రం ఆరింటికి వాతావరణం ఒక్కసారి చూసి చోటు ఖాయం చేసేయండి. అడవిలో పెట్టి, ఫోన్‌కి ఫొటోలు పంపే సెల్ కెమెరా యాప్ నోటిఫికేషన్లు ఆపేయడం మరవొద్దు. రాత్రి పదకొండుకు పెద్ద కొమ్ముల బక్ (మగ జింక) ఫొటో ఫోన్‌లో వెలిగిందంటే ఇక తెల్లవార్లూ జాగారమే!

14 సాయంత్రం

కాఫీ, టీ మధ్యాహ్నం పన్నెండుతో ఆఖరు. కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది. రాత్రి భోజనం ఆరున్నరకల్లా ముగించండి. పప్పన్నం, పెరుగన్నం చాలు. బిర్యానీ, గోంగూర మాంసం తినే రాత్రి ఇది కాదు, గుండెల్లో మంట మొదలైతే పక్కమీద దొర్లడమే. క్యాంపులో బీరు పోసేవాళ్లు ఉంటారు. దానితో నిద్ర త్వరగా పట్టినట్టే ఉంటుంది, నడిరాత్రి దాటాక మాత్రం పదేపదే మెలకువ వస్తుంది.

డైఫెన్‌హైడ్రమైన్ ఉండే నిద్ర మాత్రలు వద్దే వద్దు. మత్తు మర్నాడు పొద్దున కూడా వదలకపోవచ్చు. ఆ మత్తుతో బండి నడపకూడదు, చెట్టెక్కకూడదు, తుపాకీ పట్టకూడదు. నిద్ర కోసం వాడే మెలటొనిన్ కూడా ఆ రాత్రే మొదటిసారి మింగి చూడకండి.

క్యాబిన్‌లోనో క్యాంపర్‌లోనో పడుకునేవారు ప్రొపేన్ హీటర్ వెలిగించి నిద్రపోవద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. బ్యాటరీతో నడిచే అలారం ఒకటి ఉండాల్సిందే. గది కాస్త చల్లగా ఉంటేనే నిద్ర బాగా పడుతుంది, స్లీపింగ్ బ్యాగ్ మందంగా ఉంటే సరిపోతుంది. పక్కవాడి గురకకు ఇయర్ ప్లగ్స్ పెట్టుకుంటే అలారం వినపడదేమోనన్న భయం వస్తుంది, కాబట్టి కంపించే వాచీ అలారం పెట్టుకోండి.

ఒంటిగంటకు కళ్లు తెరిచే ఉంటే

టైము చూడొద్దు. చూడగానే "ఇంకా మూడు గంటలే" అన్న లెక్క మొదలవుతుంది. ఇరవై నిమిషాలకు పైగా దొర్లినట్టు అనిపిస్తే లేచి, మసక వెలుతురులో విసుగు పుట్టించే పని ఏదైనా చేయండి. తుపాకీ, తూటాలు, కత్తి జోలికి పోవద్దు. మళ్లీ పడుకుని నాలుగు లెక్కపెట్టేదాకా ఊపిరి పీల్చి, ఆరు లెక్కపెట్టేదాకా వదలండి. నిద్ర రాకపోయినా చీకట్లో కదలకుండా పడుకుంటే ఒంటికి కొంత విశ్రాంతి దొరుకుతుంది.

పొద్దున లెక్క

మిషిగన్ రాజధాని ల్యాన్సింగ్ దగ్గర 15న సూర్యోదయం దాదాపు ఏడున్నరకు. అరగంట ముందు నుంచే కాల్చవచ్చు. పడమటికి పోయేకొద్దీ కొన్ని నిమిషాలు కలపాలి, డీఎన్ఆర్ (రాష్ట్ర సహజ వనరుల శాఖ) పట్టిక చూసుకోండి. అంటే ఆరుంబావుకు స్టాండ్‌లో (చెట్టుకు కట్టిన మంచెలో) ఉండాలి, నాలుగున్నరకు లేవాలి.

అయిదు గంటలైనా పడుకున్నారా? అనుకున్నట్టే వెళ్లండి. మూడు నాలుగు గంటలే అయితే చెట్టు ఎక్కకండి, నేల మీది బ్లైండ్‌లో (జింకకు కనబడకుండా కూర్చునే మరుగులో) కూర్చోండి. స్టాండ్ మీద కునికిపాట్లు పడితే కాపాడేది హార్నెస్ ఒక్కటే, అది పట్టి ఆపినా వేలాడుతూ ఉండటం ప్రమాదమే. అసలు కన్ను మూతపడకపోతే స్టీరింగ్ పట్టుకోవద్దు. పదిహేడు గంటలు మెలకువగా ఉన్న మనిషి చురుకు, రక్తంలో ఆల్కహాల్ 0.05 శాతం ఉన్నవాడి చురుకుతో సమానం. పైగా నవంబర్‌లో జింకలు జత కోసం రోడ్లు దాటుతూ తిరుగుతుంటాయి. అలారం ఆపి పడుకోండి. తొమ్మిదిన్నరకు వెళ్లినా పోయేదేమీ లేదు. జత కట్టే ఈ రోజుల్లో బక్‌లు పట్టపగలూ తిరుగుతాయి, చలికి, ఆకలికి ఆగలేక పది, పదకొండుకు స్టాండ్లు దిగే వేటగాళ్లే జింకలను కదిలిస్తారు. తెల్లవారుజామున అడవి నిండా నడుస్తూ పోవడం కంటే ఇదే మేలని మా అభిప్రాయం.

కాఫీ ఒక్క కప్పుతో ఆపేయండి. నిద్రలేమి, కెఫీన్, బక్ కనిపించిన క్షణాన ఎగిసే అడ్రినలిన్ మూడూ కలిస్తే చేతులు వణుకుతాయి. దీన్నే ఇక్కడ బక్ ఫీవర్ అంటారు. రైఫిల్‌ను స్టాండ్ ముందుండే కమ్మీ మీదో షూటింగ్ స్టిక్ మీదో ఆనించండి. కొమ్ములు చూడటం ఆపి, ముందు కాలి వెనక ఒక్క చోటు మీద చూపు నిలపండి. జింక వెనకాల ఏముందో చూడండి. రెండుసార్లు నెమ్మదిగా ఊపిరి వదిలాక కూడా వణుకు తగ్గకపోతే కాల్చొద్దు.

కాల్చాక జింక చివరగా ఎక్కడ కనిపించిందో గుర్తుపెట్టుకుని అరగంట కదలకుండా కూర్చోండి. నిద్రలేనివారు చేసే పెద్ద పొరపాటు వెంటనే దిగడమే. గాయపడిన జింక మరింత దూరం పరిగెడుతుంది, దిగేవాడి కాలూ జారుతుంది. దిగేముందు తూటాలు తీసేసి రైఫిల్‌ను తాడుతో దించండి. జింక దొరగ్గానే ట్యాగ్ కట్టి, 72 గంటల్లోపు డీఎన్ఆర్‌కు ఆన్‌లైన్‌లో రిపోర్ట్ చేయాలి.