టెర్మినల్ పాఠాలు – 5: నెట్ పోయినా ఆగని పని

పోయిన పాఠంలో, నెట్ మీదుగా వేరే కంప్యూటర్‌లోకి వెళ్లే పద్ధతి అయిన ఎస్‌ఎస్‌హెచ్‌తో సర్వర్‌లోకి వెళ్లడం చూశాం. అక్కడ టెర్మినల్ (ఆదేశాలు టైప్ చేసే అక్షరాల తెర) ఎంత తేలికో గమనించారా? 80 అక్షరాల వెడల్పు, 24 వరుసలు అంటే తెర మొత్తం కలిపి 1,920 అక్షరాలే. అదే 1920x1080 గ్రాఫికల్ తెర అయితే 20 లక్షలకు పైగా చుక్కలు, వాటిని ఎంత కుదించి పంపినా బరువు బరువే. అందుకే మెట్రోలో ఫోన్ హాట్‌స్పాట్ మీద రిమోట్ డెస్క్‌టాప్ నత్తనడక నడుస్తుంటే టెర్మినల్ మాత్రం చక్కగా పనిచేస్తుంది.

కానీ నెట్ పూర్తిగా పోతే? అమీర్‌పేట హాస్టల్లో ఉన్నప్పుడు ఒక రాత్రి డేటాబేస్ బ్యాకప్ మొదలుపెట్టాను. గంటన్నర నడిచాక కరెంటు పోయింది, దాంతోపాటే వైఫై కూడా. మళ్లీ లాగిన్ అయి చూస్తే సగం ఫైలే ఉంది. లైన్ తెగితే సర్వర్‌లో మీ ప్రోగ్రామ్‌కి 'హ్యాంగప్' అనే సిగ్నల్ వెళ్తుంది, మామూలుగా అది అక్కడితో ఆగిపోతుంది. ఆ పేరు మోడెంతో ఫోన్ లైన్ మీద కలిసిన రోజులది.

దీనికి మందు టీమక్స్ అనే ప్రోగ్రామ్. మీ లైన్ తెగినా అది సర్వర్‌లో మీ పనిని నడుపుతూనే ఉంటుంది. 2007లో వచ్చింది. అంతకుముందు 1987 నుంచే స్క్రీన్ అనే ప్రోగ్రామ్ ఇదే పని చేసేది. సర్వర్‌లోకి వెళ్లాక 'టీమక్స్ న్యూ -ఎస్ పాఠం' అని కొట్టండి (టీమక్స్ అంటే టి, ఎం, యు, ఎక్స్, 'పాఠం' బదులు మీకు నచ్చిన పేరు, అంతా ఇంగ్లిష్ అక్షరాల్లోనే). కింద పచ్చటి పట్టీ కనిపిస్తే లోపలికి వచ్చినట్టే. ఇక పని మొదలుపెట్టండి.

బయటికి రావాలంటే కంట్రోల్, బి కలిపి నొక్కి, వదిలేసి, తర్వాత డి నొక్కాలి. ఆ వదిలేయడం ముఖ్యం, కొత్తవాళ్లు మూడూ ఒకేసారి నొక్కి ఏమీ జరగట్లేదని టెన్షన్ పడతారు. తిరిగి వెళ్లడానికి 'టీమక్స్ అటాచ్ -టి పాఠం'. పేరు మర్చిపోతే 'టీమక్స్ ఎల్ఎస్' అన్నీ చూపిస్తుంది. ఒక్క జాగ్రత్త: సెషన్ (టీమక్స్ లోపల నడుస్తున్న మీ పని) ఉండేది సర్వర్ మెమరీలో, సర్వరే రీబూట్ అయితే అదీ పోతుంది.

ఈ వారం అభ్యాసం: లోపల 'టాప్' (సర్వర్‌లో నడుస్తున్న పనులను చూపించే ప్రోగ్రామ్) నడిపి, డి నొక్కకుండా నేరుగా వైఫై ఆపేయండి. టీ తాగి వచ్చి, వైఫై పెట్టి, మళ్లీ సర్వర్‌లోకి వెళ్లి అటాచ్ చేసి, పై వరుసలో గడియారం ఇంకా నడుస్తూనే ఉందేమో చూడండి.