ఫాఫ్సా ఎక్కువగా ఆగిపోయేది తల్లిదండ్రుల సంతకం దగ్గరే

అమెరికా హైస్కూళ్లలో కౌన్సెలింగ్ చేసేవారు సీనియర్ (పన్నెండో తరగతి) పిల్లల చేత ఫాఫ్సా, అంటే కాలేజీ చదువుకు ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) ఆర్థిక సాయం కోసం పెట్టే దరఖాస్తు, నింపించేటప్పుడు, ముందు తల్లిదండ్రుల అకౌంట్ సంగతి చూడండి. స్టూడెంట్‌ఎయిడ్.గవ్‌లో విద్యార్థికి ఒకటి, వివరాలు ఇవ్వాల్సిన తల్లికో తండ్రికో వేరొకటి ఉండాలి. ఇద్దరూ ఒకే ఈమెయిల్ వాడితే కుదరదు. దంపతులు ట్యాక్స్ రిటర్న్ కలిపి వేసి ఉంటే ఒకరు చాలు. విడిపోయినవారైతే, గత 12 నెలల్లో పిల్లల ఖర్చు ఎక్కువ భరించినవారు నింపాలి, ఎవరి దగ్గర ఉంటున్నారన్నది కాదు.

ఐఆర్ఎస్ (అమెరికా పన్నుల శాఖ) నుంచి పన్ను వివరాలు తెచ్చుకోవడానికి విద్యార్థి, తల్లిదండ్రుల్లో వివరాలు ఇవ్వాల్సినవారు సంతకంతో పాటు సమ్మతీ ఇవ్వాలి. వీరిలో ఒక్కరు సమ్మతి ఇవ్వకపోయినా ఫెడరల్ సాయం రాదు. ఆ ఏడాది రిటర్న్ వేయనివారు కూడా సమ్మతి ఇవ్వాల్సిందే. ఇక్కడే చాలామంది జారిపోతారు, పాపం పిల్లలు పంపేశామనే అనుకుంటారు.

తెలుగు కుటుంబాల్లో ఇంటిపేరు ముందూ వెనకా అవుతుంటుంది. పాస్‌పోర్టు చూసి కాదు, సోషల్ సెక్యూరిటీ కార్డు మీద ఉన్నట్టే అక్షరం పొల్లు పోకుండా కొట్టించండి.

హెచ్-4 వీసా (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబసభ్యులకు ఇచ్చేది) మీద ఉన్న పిల్లలకు ఫెడరల్ సాయం వర్తించదు. ఆ మాట వాళ్లకు చివరి ఏడాదిలో కాదు, పదో తరగతిలోనే చెప్పాలి. సొంత నిధులతో సాయం చేసే ప్రైవేటు కాలేజీలు, ఆ సాయం కోసం చాలా కాలేజీలు అడిగే సీఎస్ఎస్ ప్రొఫైల్ అనే దరఖాస్తు వైపు అప్పటి నుంచే చూసుకుంటారు. అమెరికాలో పుట్టిన పిల్లలకైతే తల్లిదండ్రుల వీసా ఏదైనా అడ్డం కాదు.