ఎడారి గుగ్గులు మన గరువులో: మూడో పాఠం, కొమ్మ నాటడం

రెండో పాఠం చివర ఒక పని చెప్పాను. వానాకాలంలో మీ చేలో నీళ్లు ఎక్కడెక్కడ నిలిచేవో గుర్తు తెచ్చుకుని, ఆ చోట్లు వదిలేసి, మిగిలిన గరువులో, అంటే మెట్ట నేలలో, ఎత్తయిన మూల ఒకటి చూసి పెట్టుకోమన్నాను. ఆ పని అయితేనే ఈ పాఠం మొదలుపెట్టండి. కాకపోతే కత్తెర పక్కన పెట్టి ముందు చేలోకి వెళ్లి రండి.

కొత్తగా చేరినవాళ్ల కోసం ఒక్క మాట. మన ఉత్తరాంధ్ర వైపు గుగ్గిలం అనగానే పెద్దవాళ్లకి గుర్తొచ్చేది సాల చెట్టు. సీతంపేట, పాలకొండ కొండల మీది ఆ చెట్టు బంకే సంతల్లోకి ధూపం కోసం వచ్చే గుగ్గిలం. మనం పెంచబోయేది అది కాదు. వైద్యులు గుగ్గులు అనీ, పచారీ కొట్లో మైసాక్షి అనీ పిలిచే బంకనిచ్చే పొద. రాజస్థాన్, కచ్, సింధు ఎడారుల్లో పుట్టింది. శాస్త్రనామం కమ్మిఫోరా వైటియై. చివరి మాట మద్రాసు ప్రెసిడెన్సీలో వైద్యుడిగా పనిచేసిన వృక్షశాస్త్రవేత్త రాబర్ట్ వైట్ పేరు మీద పెట్టింది. మనిషెత్తు దాటీ దాటకుండా పెరుగుతుంది. కొమ్మలు వంకరటింకరగా ఉండి కొసలు ముళ్లలా తేలతాయి. బెరడు పల్చని కాగితంలా ఊడుతుంది, దాని కింద పచ్చదనం కనిపిస్తుంది. ఆకు నలిపితే ఘాటు వాసన వస్తుంది. ఇవేవీ లేకపోతే మీకు అమ్మింది గుగ్గులు కాదు. నాకు ఒకచోట అంటగట్టిన ‘గుగ్గులు’ మూడేళ్లు పెంచాక వేరే చెట్టని తేలింది. అందుకే ఇంత సాగదీసి చెబుతున్నాను.

విత్తనంతో ఎందుకు మొదలుపెట్టకూడదని అడుగుతారు. పెట్టొచ్చు, కానీ ఓపిక కావాలి. పండు ఎర్రగా మారి పగిలాక లోపల రెండు రకాల గింజలు దొరుకుతాయి. నల్లవి మొలుస్తాయి, పాలిపోయిన తెల్లవి మొలవవు. ఆ నల్లవాటిలోనూ మొలిచేవి తక్కువే, నూటికి ఐదో ఆరో అనుకోండి. ఈ జాతిలో ఇంకో వింత ఉంది. ఎక్కువ మొక్కలు ఆడవే, మగ మొక్క కనపడటమే అరుదు. పుప్పొడి పడకుండానే గింజ కట్టేస్తుంది. విత్తనపు మొక్కకి ఒక్క లాభం మాత్రం కాదనలేం. తల్లివేరు లోతుకి దిగుతుంది కాబట్టి గాలికి నిలుస్తుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మన జీడి తోటల్నీ కొబ్బరినీ ఏం చేసిందో చూసినవాళ్లకి ఈ మాట విలువ తెలుసు. కొమ్మతో వచ్చిన మొక్కకి తల్లివేరు ఉండదు. ఆ లోటు ఎలా పూడ్చుకోవాలో నాలుగో పాఠంలో చూద్దాం. నేర్చుకునేవాళ్లకి మాత్రం కొమ్మే దారి.

ఇక అసలు సంగతి. పుస్తకాల్లో ఏముంటుందంటే: జూన్, జూలైల్లో వేలెడు లావు కొమ్మల్ని జానెడు ముక్కలుగా కోసి నర్సరీ మళ్లలో నాటండి, పది పదిహేను రోజుల్లో ఇగురు వస్తుంది, పది పన్నెండు నెలలకి మొక్క తయారవుతుంది, వచ్చే వానలకి పొలంలో పెట్టండి. ఇందులో తప్పేమీ లేదు. తప్పు నాది, దాన్ని తెచ్చి రణస్థలం పక్కన మా గరువులో అక్షరం మార్చకుండా చేశాను. ఆరుద్ర కార్తెలో నలభై ముక్కలు నాటాను. రెండు వారాలకల్లా దాదాపు అన్నీ పచ్చగా ఇగిర్చాయి. దారినపోయేవాళ్లని పిలిచి మరీ చూపించాను. శ్రావణం వెళ్లేసరికి ఇగుర్లు వాలిపోయాయి, భాద్రపదంలో మొదళ్లు నల్లబడ్డాయి. దసరాకి మిగిలినవి మూడు. మా పక్క చేను కుర్రాడు వచ్చి చూసి, ‘ఏటి మావా, ఎడారి మొక్కని ఏట్లో ముంచేసినావేటి?’ అన్నాడు. కోపం వచ్చింది గానీ, నాకు జరిగినదంతా ఆ ఒక్క మాటలో ఉంది.

ఆ మొక్క పుట్టిన నేల మీద ఏడాదంతా కలిపి పడేది 300, 400 మిల్లీమీటర్ల వాన. అక్కడ జూన్ జల్లు అంటే దాహానికి గుక్కెడు నీళ్లు. మనకి ఏడాదికి 1000 మిల్లీమీటర్లు దాటుతుంది. నైరుతి పోయిందనుకుంటే అక్టోబరులో వాయుగుండం తయారు. గాల్లో తడి సరేసరి. అక్కడి రైతు ఎండిపోకుండా కాపాడుకుంటాడు, మనం కుళ్లిపోకుండా కాపాడుకోవాలి. నెల మారాలి, మట్టి మారాలి, నీళ్లు పోసే చెయ్యి మారాలి. ఈ పాఠమంతా ఆ మార్పే.

ముందు నెల. శివరాత్రి వెళ్లాక, ఉగాది రాకముందు కొమ్మ కోయండి. అప్పటికి తల్లి మొక్క ఆకు రాల్చి మోడులా ఉంటుంది. అది చచ్చినట్టు కాదు, తిండంతా కొమ్మల్లో దాచుకుని కూర్చుందన్నమాట. చలి పోయింది, రోహిణి ఎండలు ఇంకా రాలేదు. అన్నిటికన్నా ముఖ్యం, గట్టి వానలు పడటానికి మూడు నాలుగు నెలల గడువుంది. వేరు పట్టడానికి మనం ఇచ్చే సమయం అదే.

కొమ్మ ఎంపికలో తొందర వద్దు. మరీ లేత కొస పనికిరాదు, ఎండి ముడతలు పడుతుంది. మరీ ముదురు దుంగ కూడా వద్దు. చిటికెనవేలు కంటే కాస్త లావు, అంటే సెంటీమీటరు పైన మందం ఉన్న నడికొమ్మ తీసుకోండి. 20 నుంచి 25 సెంటీమీటర్ల ముక్క చాలు. కిందివైపు ఏటవాలుగా, పైవైపు అడ్డంగా కోయండి. ఈ గుర్తు పెట్టుకోకపోతే, ఆకుల్లేని వంకర పుల్లల్లో తల ఏదో, కాలు ఏదో తెలియక తలకిందులుగా నాటేస్తారు. నాటినవాణ్ణే చెబుతున్నాను. కత్తెరని ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకి వెళ్లేముందు స్పిరిట్ గుడ్డతో తుడవండి. బంక చేతికంటితే సబ్బుకి లొంగదు, ముందు కొబ్బరినూనె రాసుకోండి.

అన్ని ముక్కలూ ఒకే తల్లి నుంచి తీయకండి. కొమ్మతో పెంచినవన్నీ ఆ తల్లికి అచ్చుగుద్దినట్టు ఉంటాయి, దానికున్న బలహీనతతో సహా. వీలైతే నాలుగైదు తల్లుల నుంచి తీసుకుని, ఏ సంచి ఏ తల్లిదో రంగు దారం కట్టి గుర్తుపెట్టుకోండి. ఏ తల్లి బిడ్డలు మన తడికి తట్టుకుంటాయో రెండేళ్లకి ఆ దారమే చెబుతుంది. అడవిలో దీని పరిస్థితి మరీ పల్చబడి, అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ఎర్ర జాబితాలో తీవ్ర ప్రమాదంలో ఉన్న జాతుల వరసకి చేరింది. కాబట్టి ఎక్కడినుంచో పీకి తెచ్చే కొమ్మ వద్దు. ఔషధ మొక్కల నర్సరీల్లో అడగండి. గుజరాత్‌లో ఆణంద్ దగ్గర బోరియావిలో ఔషధ, సుగంధ మొక్కల కేంద్ర పరిశోధన సంస్థ ఉంది. మొక్క దొరక్కపోయినా అక్కడినుంచి మాట సాయమైనా దొరుకుతుంది.

కోసిన వెంటనే నాటడం మునగ కొమ్మకి చెల్లుతుంది. దీనికి చెల్లదు. ముక్కల్ని నీడలో, గాలాడే అరుగు మీద రెండు మూడు రోజులు వదిలేయండి. కోసిన చోట బంక ఊరి గట్టిపడుతుంది. ఆ పెచ్చే దానికి కట్టు. పచ్చి గాయంతో తడి మట్టిలోకి దింపితే బూజు నేరుగా లోపలికి పోతుంది. నాటేముందు అడుగు కొసకి వేరు పట్టించే హార్మోను పొడి, అదే ఐబీఏ, కాస్త అద్దుకుంటే మంచిది. ఎరువుల కొట్లో దొరుకుతుంది. దొరక్కపోయినా పాఠం ఆగదు.

మట్టి గురించి నేను చాదస్తుణ్ణి, భరించండి. రెండు తట్టలు ముతక ఇసుక, ఒక తట్ట ఎర్రమట్టి, అర తట్ట బాగా చివికిన పశువుల గెత్తం, దోసెడు వేపపిండి. వేపపిండి చెదల కోసం. ఈ కొమ్మంటే చెదలకి మహా ఇష్టం. ఇసుక నాగావళిదో వంశధారదో చంపావతిదో, ఏటి ఇసుక కావాలి. సముద్రపు ఇసుక ఊరికే వస్తుంది కదా అని తేకండి, దాంతో ఉప్పు కూడా వస్తుంది. పచ్చి పేడ వద్దే వద్దు. ఆరంగుళాల వెడల్పు, తొమ్మిదంగుళాల ఎత్తు పాలిథీన్ సంచికి పక్కల్లోనూ అడుగునా పది పన్నెండు బెజ్జాలు పెట్టి, అడుగున గుప్పెడు పెంకు ముక్కలు వేసి, పైన ఈ మట్టి నింపండి. నీళ్లు పోస్తే పది లెక్కపెట్టేలోపు అడుగునుంచి కారిపోవాలి. కారలేదా, ఇంకో తట్ట ఇసుక కలపండి.

ముక్కలో సుమారు సగం లోపలికి వెళ్లేలా నిటారుగా నాటి, చుట్టూ వేళ్లతో నొక్కండి. మొదటిసారి నిండుగా నీళ్లు పోయండి. తర్వాత నాలుగైదు రోజులకి ఒకసారి, అదీ వేలు రెండు కణుపుల లోతుకి గుచ్చి పొడిగా తగిలితేనే. ఇంట్లో ఎవరైనా పుణ్యానికి రోజూ చెంబెడు పోస్తుంటే వాళ్లకి ముందే చెప్పి ఉంచండి. మా ఇంట్లో మా అమ్మ పోసేది. ఎండిన పుల్లని చూస్తే ఆవిడ మనసు ఒప్పుకునేది కాదు.

ఇప్పుడు ఈ పాఠంలో అన్నిటికన్నా గట్టిగా పట్టుకోవాల్సిన మాట. ఇగురు వచ్చిందంటే వేరు వచ్చినట్టు కాదు. కొమ్మలో దాచుకున్న తిండితోనే రెండు వారాల్లో ఇగిరిస్తుంది. ఆ తిండి అయిపోయేలోపు కింద వేరు పడితే బతుకుతుంది, లేకపోతే పచ్చగా ఉంటూనే చస్తుంది. నా నలభై ముక్కల్లో పోయినవన్నీ అలా పోయినవే. వేరు పట్టిందా లేదా అని పీకి చూడకండి, పట్టిన నాలుగు పీచులూ తెగుతాయి. నేనొక ఉపాయం చేస్తాను. పది సంచులకి ఒకటి చొప్పున, పై భాగం కోసేసిన తాగునీళ్ల సీసాలో నాటుతాను. అడుగున బెజ్జాలు మామూలే. చుట్టూ నల్ల గుడ్డ చుట్టి, వారానికోసారి విప్పి చూస్తాను. సీసా గోడకి తెల్లటి వేళ్లు ఆనుకుని కనపడితే మిగతావీ దారిలో ఉన్నట్టే. ఇగురు ఆగిపోయి రెండో విడత ఆకులు కొత్తగా వచ్చాయంటే అదీ మంచి కబురే.

రోహిణి కార్తెలో మధ్యాహ్నం ఎండకి గ్రీన్‌నెట్ నీడ చాలు. మృగశిర వచ్చాక గ్రీన్‌నెట్ చాలదు, వాన అందులోంచి దిగిపోతుంది. సంచుల్ని ఇటుకల మీద ఎత్తుగా పెట్టి, పైన పాలిథీన్ కప్పు వాలుగా కట్టండి. పక్కలు నాలుగూ తెరిచే ఉండాలి, గాలి ఆడకపోతే వాన పడకపోయినా బూజు పడుతుంది. చూరునీళ్లు చిమ్మే చోట పెట్టకండి. రెండో ఏడు నేను ఈ కప్పు కడుతుంటే ఆ కుర్రాడే మళ్లీ వచ్చాడు. ‘ఎండు పుల్లలకి గొడుగు కట్టినావేటి మావా?’ అని నవ్వాడు. నవ్వనీ అనుకున్నాను. ఆ ఏడు సగానికి పైగా నిలిచాయి.

ముసురు పట్టిన రోజుల్లో నీళ్లు పూర్తిగా మానేయండి. వారం, పది రోజులు పోయకపోయినా దానికేమీ కాదు. మొదలు మెత్తబడి నల్లగా మారిన సంచి కనపడితే జాలి పడకుండా సంచితో సహా దూరంగా తీసుకెళ్లి పారేయండి, ఆ మట్టి మళ్లీ వాడకండి. కార్తీకం తర్వాత కొన్నిటికి ఆకు పండి రాలుతుంది. చచ్చాయని విసిరేసేవాళ్లు ఇక్కడే ఎక్కువ. గోరుతో బెరడు కొద్దిగా గీకండి. కింద పచ్చగా ఉంటే నిద్ర, గోధుమరంగు తిరిగితే పోయినట్టు.

మధ్యలో అందరూ అడిగే ప్రశ్న, బంక ఎప్పుడు తినొచ్చని. ముందు బంక రావాలిగా. పొద గాటు పెట్టే ఈడుకి రావడానికి ఎనిమిది పదేళ్లు పడుతుంది. వచ్చాక కూడా పచ్చి బంక నోట్లో వేసుకునేది కాదు, ఆయుర్వేదంలో త్రిఫల కషాయంలాంటి వాటితో శుద్ధి చేశాకే వాడతారు. కొవ్వుకి మందు అన్న పేరు 1966లో బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో కుందేళ్ల మీద జరిగిన పరిశోధనతో పెరిగింది. 2003లో అమెరికాలో మనుషుల మీద పరీక్షిస్తే చెడ్డ కొలెస్ట్రాల్ తగ్గకపోగా కాస్త పెరిగింది. కాబట్టి వైద్యుడు చెప్పకుండా ఎవరూ వాడొద్దు, గర్భిణులు అసలు ముట్టుకోవద్దు. మనం ఇక్కడ నేర్చుకునేది పెంపకం మాత్రమే.

ఈ విడతకి మీ పని ఇరవై ముక్కలు. అంతకన్నా ఎక్కువ నాటకండి, మొదటి ఏడు కొన్ని పోతాయి. నోటు పుస్తకంలో కోసిన తేదీ, దారం రంగు, ఇగురు కనపడిన రోజు, సీసాలో వేరు కనపడిన రోజు విడివిడిగా రాయండి. ఆ చివరి రెండు తేదీల మధ్య ఎన్ని రోజులున్నాయో చూసుకోండి. దసరా తర్వాత విజయనగరం పైడితల్లి జాతరలో సిరిమాను తిరిగి, వాయుగుండాల భయం తగ్గాక, మార్గశిరంలో మిగిలిన సంచుల్ని గరువుకి మోసుకెళ్దాం. అప్పటికి అరమీటరు లోతు, అంతే వెడల్పు గుంతలు, గుంతకీ గుంతకీ మధ్య రెండు మీటర్లు వదిలి తవ్వి ఉంచండి. తవ్విన మట్టి గుంత పల్లపు వైపు పోయండి, మెరక వైపు కాదు. ఎందుకో నాలుగో పాఠంలో.