కనీస వేతనం అమలవుతోందో లేదో తేల్చడం ఎలా?

కావలసినవి కొద్దే: రాష్ట్ర కార్మిక శాఖ ప్రకటించిన తాజా కనీస వేతనాల పట్టిక, ఒక నోటు పుస్తకం, క్యాలిక్యులేటరు. పరిశీలనకు ఒక్క వృత్తినే ఎంచుకోండి. హోటలు పనిని, బీడీల తయారీని, సెక్యూరిటీ ఉద్యోగాన్ని ఒకే లెక్కలో కలిపితే ఏదీ తేలదు.

ముందుగా కొలబద్ద సరిగ్గా ఉండాలి. 2017 జూన్‌లో జాతీయ స్థాయిలో సూచించిన కనీస మొత్తం రోజుకు 176 రూపాయలు. దానితో పోల్చి అందరికీ న్యాయమైన కూలి అందుతోందని రాసేస్తుంటారు, కానీ 1948 నాటి కనీస వేతనాల చట్టం కింద ఆ అంకెకు చట్టబలమే ఉండేది కాదు. జాతీయ స్థాయి రేటుకు చట్టంలో చోటు దక్కింది 2019 వేతన కోడ్‌తోనే. ఆ వృత్తికి, ఆ ప్రాంతానికి, ఆ నైపుణ్యానికి రాష్ట్రం నిర్ణయించిన మూల వేతనానికి కరువు భత్యం కలిపిన మొత్తంతోనే పోల్చాలి.

తరువాత కార్మికులను కలవండి. షిఫ్టు మారే వేళ టీకొట్టు దగ్గరే మాట్లాడాలి. కాంట్రాక్టరు ఎదుట చెప్పించిన జవాబులను నేను లెక్కలోకే తీసుకోను.

అందరూ బోల్తా పడేది పని గంటల దగ్గర. ఒక సెక్యూరిటీ గార్డుకు 26 రోజులకు 12,000 రూపాయలు ఇస్తున్నారనుకుందాం. రోజుకు 461 రూపాయలు వస్తున్నట్లు కనిపిస్తుంది. కానీ గేటు వదలకుండా, అక్కడే క్యారియరు విప్పుకుని తినే ఆ మనిషి రోజుకు 12 గంటలు, వారానికి 72 గంటలు పనిచేస్తున్నాడు. 48 గంటలు దాటిన పనికి రెట్టింపు చెల్లించాలి కనుక, అతని ఒక రోజు పనికి 16 గంటల కూలి రావాలి. 461ని 16తో భాగించి 8తో హెచ్చిస్తే, ఎనిమిది గంటల పనికి అతనికి అందుతున్నది సుమారు 231 రూపాయలే. పట్టికతో పోల్చవలసింది ఈ అంకెను.

కోతల విషయంలోనూ ఇంతే జాగ్రత్త అవసరం. కార్మికుడి వాటా పీఎఫ్, ఈఎస్‌ఐ చట్టబద్ధమైనవే కాబట్టి వాటిని తీసివేయకముందు ఉన్న వేతనాన్నే చూడాలి. యూనిఫారం పేరిట, కమీషన్ పేరిట పట్టుకున్న సొమ్మును మాత్రం తీసివేయాలి. యజమాని వాటా పీఎఫ్‌ను కూడా కార్మికుడి జీతంలోంచే కోసే కాంట్రాక్టర్లున్నారు; జీతం చీటీలో అది ఒకే వరుసలో దాగి ఉంటుంది కనుక విడదీసి అడగండి.

కనీస వేతనాన్ని మధ్యస్థ వేతనంతో, అంటే అందరి వేతనాలనూ వరుసగా పేర్చితే సరిగ్గా నడుమ వచ్చే అంకెతో, భాగించి సరిపెట్టుకునే ఆర్థికవేత్తల పద్ధతి నాకు నచ్చదు. చట్టం పెట్టిన రేటు ఎంత ఎత్తులో ఉందో అది చెబుతుంది, ఆ రేటు చేతికి అందిందో లేదో చెప్పదు.

చివరికి రెండు లెక్కలు రాయండి: ఎందరికి తక్కువ అందింది, ఒక్కొక్కరికి ఎంత తక్కువైంది. ఐదు రూపాయల లోటునూ నూరు రూపాయల లోటునూ ఒకే గాటన కట్టకూడదు. కరువు భత్యం సాధారణంగా ఏప్రిల్‌లోనూ అక్టోబరులోనూ మారుతుంది కనుక, ఆ తరువాతి జీతం రోజున అదే మనుషులను మళ్లీ కలిసి, పెరిగిన మొత్తం ఎందరి చేతికి వచ్చిందో అడగండి.