ఎన్‌జీఎల్ కంపెనీ షేరు కొనేముందు ఏం చూడాలి

"ఏడు శాతం ఇస్తోందన్నా, వేసేద్దామా?" హ్యూస్టన్‌లో మావాళ్లు నలుగురు చేరితే గ్యాస్ ప్లాంట్లలో పనిచేసే నాకు ఈ ప్రశ్న తప్పదు. సహజవాయువులోంచి ఈథేన్, ప్రొపేన్ లాంటి ద్రవాలను (ఎన్‌జీఎల్) వేరుచేసే ఈ కంపెనీల విషయంలో డివిడెండ్ శాతం ఆఖర్న చూడాలి. ముందు బావి దగ్గర మొదలుపెట్టండి.

పశ్చిమ టెక్సస్‌లోని పర్మియన్ బేసిన్‌లో బావులు తవ్వేది ముఖ్యంగా ముడి చమురు కోసం. గ్యాస్ దాని వెంట వస్తుంది, వద్దన్నా వస్తుంది. 2024లో అక్కడ గ్యాస్ కొని అమ్మే కేంద్రమైన వాహా హబ్‌లో ధర చాలా రోజులు సున్నా కంటే కిందికి పోయింది, అంటే గ్యాస్ తీసుకుపోయేవాళ్లకే ఎదురు డబ్బివ్వాల్సి వచ్చింది, అయినా తవ్వకం ఆగలేదు. కాబట్టి పర్మియన్ ప్లాంట్లకు సరుకు తగ్గుతుందా పెరుగుతుందా అన్నది చమురు ధరను చూసి అంచనా వేయాలి.

ఆ గ్యాస్‌లో మీథేన్‌తో పాటు ఈథేన్, ప్రొపేన్, బ్యూటేన్, ఇంకా బరువైనవి ఉంటాయి. మీథేన్ పోగా మిగిలినవే ఎన్‌జీఎల్. ప్లాంటులో ముందు అమీన్ ద్రావణంతో కార్బన్ డయాక్సైడ్, హైడ్రోజన్ సల్ఫైడ్ తీసేస్తారు. తర్వాత మాలిక్యులర్ సీవ్‌లతో, అంటే తేమను పీల్చుకునే గింజలతో, తేమ లాగేస్తారు. తేమ ఏమాత్రం మిగిలినా ముందున్న చలిలో గడ్డకట్టి పరికరాలు మూసుకుపోతాయి. మా అందరికీ టెన్షన్ అక్కడే. ఆ తర్వాత టర్బో ఎక్స్‌పాండర్. ప్రెజర్ మీదున్న గ్యాస్ దాని చక్రాన్ని తిప్పుతూ ఒక్కసారిగా వ్యాకోచించి, మైనస్ 80 డిగ్రీల సెల్సియస్ కంటే కిందికి చల్లబడుతుంది. మామూలు ప్రెజర్‌లో ప్రొపేన్ మైనస్ 42 దగ్గర, ఈథేన్ మైనస్ 89 దగ్గర ద్రవమవుతాయి, మీథేన్‌కి మైనస్ 161 కావాలి. అందుకే టవర్‌లో మీథేన్ పైనుంచి వాయువుగా పోతుంది, మిగతావి కిందికి దిగుతాయి.

ఆ ద్రవాల మిశ్రమాన్ని వై-గ్రేడ్ అంటారు. అది పైప్‌లైన్‌లో హ్యూస్టన్‌కి తూర్పున ఉన్న మాంట్ బెల్‌వ్యూకి వస్తుంది. అక్కడి ఫ్రాక్షనేటర్లలో ముందు ఈథేన్, తర్వాత ప్రొపేన్, ఆపైన బ్యూటేన్ వరసగా విడదీసి, భూమిలోపలి ఉప్పు గుహల్లో నిల్వ చేస్తారు. ప్లాంటు, పైప్‌లైన్, ఫ్రాక్షనేటర్, ఎగుమతి డాక్ నాలుగూ ఒకే కంపెనీవైతే ప్రతి బ్యారెల్ మీద నాలుగుసార్లు ఫీజు వస్తుంది. ఎంటర్‌ప్రైజ్ ప్రొడక్ట్స్ బలం అదే.

ఇక అసలు సంగతి, కాంట్రాక్టు. రైస్ మిల్లులో వడ్లు ఆడించడం గుర్తు తెచ్చుకోండి. కూలి డబ్బుగా తీసుకుంటే బియ్యం ధరతో మిల్లుకు పనిలేదు. అది ఫీజు కాంట్రాక్టు. కూలికి బదులు కొంత బియ్యం ఉంచుకుంటే ధర పడ్డప్పుడు మిల్లూ పడుతుంది. అది పర్సెంట్ ఆఫ్ ప్రొసీడ్స్. మూడోది కీప్-హోల్. ఇందులో ద్రవాలన్నీ ప్లాంటు తీసుకుని, వాటితో పోయిన ఇంధన శక్తికి సరిపడా గ్యాస్‌ని ఉత్పత్తిదారుకి తిరిగి కట్టాలి. గ్యాస్ ఖరీదై ద్రవాలు చవకైతే ఇది చేతులు కాల్చే బేరం.

కంపెనీ వార్షిక నివేదిక 10-కె తెరిచి ఐటమ్ 7ఏ చదవండి. ధరలు మారితే లాభానికి ఎంత దెబ్బో అక్కడ ఉంటుంది. అప్పు కూడా చూడండి. ఎబిట్‌డాకి (వడ్డీ, పన్ను, తరుగుదల తీయకముందు లాభానికి) నాలుగు రెట్లు దాటితే నేను పక్కన పెట్టేస్తాను. 2020 మార్చిలో ధరలు కూలినప్పుడు, అప్పటికే కొత్త ప్లాంట్ల మీద భారీగా ఖర్చుపెడుతున్న టార్గా అనే ఎన్‌జీఎల్ కంపెనీ తన మూడునెలల డివిడెండ్‌ని 91 సెంట్ల నుంచి 10 సెంట్లకు కోసేసింది. ఇదే రంగంలోని డీసీపీ మిడ్‌స్ట్రీమ్ సగానికి తగ్గించింది. మరో కంపెనీ వన్‌ఓక్ తగ్గించలేదు. టార్గా ఆ తర్వాత బాగా కోలుకుంది, ఫీజు కాంట్రాక్టుల వాటా కూడా పెంచుకుంది. అయినా ఆదాయం కోసం కొన్నవాళ్లు ఆ ఏడాది మర్చిపోరు.

ఈథేన్‌కి ఒక చిన్న లెక్క ఉంది. ఒక గ్యాలన్ ఈథేన్‌లో సుమారు 66 వేల బీటీయూల (బీటీయూ అంటే వేడికి కొలత) వేడి ఉంటుంది. గ్యాస్ పది లక్షల బీటీయూలకి 3 డాలర్లుంటే, గ్యాలన్ ఈథేన్ ఇంధనంగానే దాదాపు 20 సెంట్లు చేస్తుంది. ఈథేన్ ధర ఆ 20 సెంట్లకు రవాణా, ఫ్రాక్షనేషన్ ఖర్చులు కలిపినంత లేకపోతే ప్లాంటు దాన్ని గ్యాస్‌లోనే వదిలేస్తుంది. అప్పుడు పైప్‌లైన్‌లో బ్యారెళ్లు తగ్గుతాయి. కొనేవాళ్లు ఎక్కువైతే ఈ బాధ తక్కువ. రిలయన్స్ 2017 నుంచి అమెరికా ఈథేన్‌ని ఓడల్లో గుజరాత్‌లోని దహేజ్‌కి తెప్పించుకుంటోంది.

చివరికి పన్ను. ఎంటర్‌ప్రైజ్, ఎనర్జీ ట్రాన్స్‌ఫర్, ఎంపీఎల్ఎక్స్ భాగస్వామ్య సంస్థలు. అమెరికాలో ఉండేవాళ్లకి కె-1 ఫారం (సంస్థ లాభంలో మన వాటా చూపే పన్ను కాగితం) వస్తుంది, టాక్స్ సీజన్‌లో విసుగు తప్పదు. ఇండియా నుంచి కొనేవాళ్లకి మాత్రం సంస్థ పంచే సొమ్ము మీద 37 శాతం పన్ను ముందే కోస్తారు. అమ్మినప్పుడు కూడా, కొన్ని మినహాయింపులు పోను, వచ్చిన సొమ్ములో 10 శాతం పట్టుకునే నిబంధన 2023 నుంచి ఉంది. కార్పొరేషన్లయిన వన్‌ఓక్, టార్గాల డివిడెండ్ మీద ఇండియా-అమెరికా పన్ను ఒప్పందం ప్రకారం కోత 25 శాతమే. ఒకటి రెండేళ్లలో ఇండియాకి తిరిగి వెళ్లే ఆలోచన ఉన్నవాళ్లు భాగస్వామ్య యూనిట్లు కొనకుండా ఈ రెండింటి దగ్గరే ఆగండి.